588 రూపాయల 82 పైసలు: ఏడేళ్లు వాడి మూసేసిన ఒక క్రెడిట్ కార్డు

గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం. పిల్లల దగ్గర ఫీజులు కట్టించుకోవడం, రసీదు రాయడం, సాయంత్రానికి లెక్క తేల్చడం నా పని. పది రూపాయలు తేడా వచ్చినా అది ఎక్కడ పోయిందో తేలేదాకా ఇంటికి కదలను. 2016 ఆగస్టు నుంచి 2023 డిసెంబరు దాకా ఒకే బ్యాంకు క్రెడిట్ కార్డు వాడాను. బ్యాంకు పేరు రాయడం లేదు. నా అనుభవం చదివితే ఎవరి బ్యాంకు వాళ్లకే గుర్తొస్తుందని నా నమ్మకం.

ముందు మంచి చెప్పాలి. 2021 మే నెల, కరోనా రెండో వేవ్. నాన్నకు రాత్రి పదకొండున్నరకు ఊపిరి అందక ఆస్పత్రికి తీసుకెళితే 50 వేలు అడ్వాన్సు కడితేనే బెడ్ అన్నారు. ఇంట్లో అంత డబ్బు లేదు. ఆ వేళప్పుడు ఎవరి తలుపు కొడతాం? కార్డు గీసి కట్టాను. నాన్న పదమూడో రోజు నడిచి ఇంటికొచ్చారు. ఆ ఒక్క రాత్రికి ఆ కార్డుకు నేను రుణపడే ఉంటాను. బిల్లు తేదీ చూసుకుని కొంటే 45 రోజుల దాకా వడ్డీ లేకుండా వాడుకోవచ్చు, అది కూడా నిజమే. నెలనెలా పూర్తి బిల్లు కట్టేవాళ్లకు ఇది మంచి వస్తువే.

ఆ "పూర్తి" అన్న మాట విలువ నాకు 2019లో తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్ 20న ఫ్రిజ్ కొన్నాను, 32,400. మే 15న బిల్లు వచ్చింది, జూన్ 4 ఆఖరు తేదీ. జూన్ 2న ఫోన్లో కడుతూ రౌండుగా 32,000 కొట్టాను. మిగతా 400 వచ్చే నెల బిల్లులో కట్టొచ్చులే అనుకున్నాను. జూన్ 15 బిల్లు చూసి నోట మాట రాలేదు. వడ్డీ 1,609 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 290. నాలుగొందల బాకీకి పంతొమ్మిది వందల వడ్డన! తప్పు పడిందేమో అని కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చున్నాను. తప్పు పడలేదు. బిల్లులో ఒక్క రూపాయి మిగిలినా వడ్డీలేని గడువు మొత్తం పోతుంది. వడ్డీ ఆ నాలుగొందల మీద కాదు, కొన్న రోజు నుంచి కట్టిన రోజు దాకా మొత్తం 32,400 మీద వేశారు. నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. 43 రోజులకు 32,400 మీద, ఆ తర్వాత బిల్లు దాకా 13 రోజులకు మిగిలిన 400 మీద లెక్క కడితే సరిపోయింది. ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటేనే మనం బాబోయ్ అంటాం.

ఈ వడ్డీకి పైహద్దు ఉందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ క్రెడిట్ కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని తీర్పిచ్చిన మాట నిజమే. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి మన హద్దు మనమే పెట్టుకోవాలి. ఏటీఎంలో ఈ కార్డు పెట్టి డబ్బు తీయడం మాత్రం ఎవరూ చేయొద్దు. నేను 2018లో ఒకసారి 5,000 తీసి, 22 రోజుల్లో తిరిగి కట్టాను. ఛార్జీ, వడ్డీ, జీఎస్టీ కలిపి 740 పోయాయి. నగదుకు వడ్డీలేని గడువే ఉండదు, తీసిన క్షణం నుంచే మీటరు తిరుగుతుంది.

ఇవన్నీ బాధ పెట్టినా, నియమం కాగితం మీద ఉంది, చదవకపోవడం నా తప్పు అని సర్దుకున్నాను. 2023లో జరిగినదానికి మాత్రం ఈ రోజుకీ సర్దుకోలేను.

నా కార్డుకు ఏడాది ఫీజు 499. కార్డు ఇచ్చిన రోజు మా కాలేజీకి వచ్చిన అబ్బాయి "లైఫ్‌టైమ్ ఫ్రీ మేడమ్" అన్నాడు. రెండో ఏడాది బిల్లు పడ్డాక అడిగితే, ఏడాదికి లక్ష ఖర్చు దాటితేనే మాఫీ అన్నారు. సరే, అప్పటి నుంచి గమనించుకుంటూ వాడాను. 2023 ఆగస్టు నాటికి నా ఖర్చు లక్షా ఏడు వేలు. అయినా ఆగస్టు 15 బిల్లులో ఫీజు 499, జీఎస్టీ 89 రూపాయల 82 పైసలు, కలిపి 588.82 పడింది. ఆ నెల కార్డు వాడలేదు కాబట్టి బిల్లులో ఉన్నది అదొక్కటే.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. భాషకు ఒక నొక్కుడు, కార్డు నంబరుకు ఒక నొక్కుడు, పుట్టిన తేదీకి ఒక నొక్కుడు, ఆ తర్వాత పద్నాలుగు నిమిషాల సంగీతం. చివరికి ఒక అమ్మాయి పలికింది. వివరాలు చూసి, "అవును మేడమ్, మీకు మాఫీ వర్తిస్తుంది. ఏడు పనిదినాల్లో రివర్స్ అవుతుంది. మీరు ఈ బిల్లు కట్టనవసరం లేదు" అంది. ఎంత మర్యాదగా చెప్పిందో! నేను నమ్మాను.

సెప్టెంబరు 15 బిల్లులో లేట్ ఫీజు 500, దాని జీఎస్టీ 90. ఇంకో అయిదు రోజులకు 499 వెనక్కి వేశారు. ఫీజు మీద వేసిన జీఎస్టీ మాత్రం వేయలేదు. అంటే ఫీజు తప్పని బ్యాంకే ఒప్పుకుంది, ఆ తప్పు ఫీజు కట్టలేదన్న జరిమానా మాత్రం నా నెత్తిన ఉంచింది. మొత్తం బాకీ 679.82 అని చూపించింది.

మళ్లీ ఫోన్. ఈసారి ఒక అబ్బాయి. "బిల్లు కట్టనవసరం లేదని మీ వాళ్లే చెప్పారు" అంటే, "సిస్టంలో అలాంటి నోట్ ఏదీ లేదు మేడమ్" అన్నాడు. కాల్ రికార్డు అవుతుందని మొదట్లోనే చెబుతారు కదా, అది వినండి అన్నాను. ఆ రికార్డింగ్ తమకు అందుబాటులో ఉండదన్నాడు. అక్టోబరు నెలంతా ఇదే తంతు. పదకొండు సార్లు ఫోన్ చేసినట్టు నా డైరీలో రాసి ఉంది. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ కథ మొదటి నుంచి. మీ కాల్‌ను సీనియర్‌కు కలుపుతున్నాను అనడం, లైన్ తెగిపోవడం. ఓ రోజు లంచ్ అవర్‌లో కాలేజీ మెట్ల మీద కూర్చుని మాట్లాడుతుంటే ఏడుపొచ్చేసింది. డబ్బు కోసం కాదు. నేను అబద్ధం చెబుతున్నానేమో అన్నట్టు అవతలి గొంతు మాట్లాడినందుకు.

ఆ ఫోన్లో మాట్లాడే పిల్లల మీద నాకు కోపం లేదు. మా కాలేజీలో చదివిన పిల్లలే అలాంటి ఉద్యోగాలకు వెళ్తారు. అందులో ఒకమ్మాయి సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడు అడిగాను. "స్క్రీన్ మీద ఉన్నది చదవడం వరకే మా పని మేడమ్. డబ్బు వెనక్కి వేసే అధికారం మాకు ఉండదు. ఒక్కో కాల్‌కు ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్క చూస్తారు" అని చెప్పింది. నిర్ణయం తీసుకోగలిగిన మనిషి ఫోన్‌కు దొరకడు, ఫోన్‌కు దొరికే మనిషి చేతిలో ఏమీ ఉండదు. బ్యాంకు కావాలనే మధ్యలో ఈ గోడ కట్టిందని నా అభిప్రాయం. బ్రాంచికి వెళితే అక్కడా అదే జవాబు: కార్డుల విభాగం వేరు, మాకు సంబంధం లేదు. అకౌంట్ తెరిచిన రోజు కార్డు తీసుకోమని వెంటపడింది ఆ బ్రాంచి వాళ్లే.

ఇక కార్డే వద్దనుకున్నాను. మూసేయమని ఫోన్ చేస్తే పాయింట్లు ఇస్తాం, వచ్చే ఏడాది ఫీజు తీసేస్తాం అని మూడుసార్లు నచ్చజెప్పారు. ఒక్కసారీ రిక్వెస్ట్ నంబరు ఇవ్వలేదు. మా ఆఫీసులో ఆడిట్‌కు వచ్చే పెద్దాయన ఒకరున్నారు. విషయం విని, "ఫోన్లు ఎందుకమ్మా, మెయిల్ పెట్టు. రిజర్వు బ్యాంకు రూల్ ఉంది" అన్నారు. ఆయన చెప్పాకే 2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు కార్డుల మీద ఇచ్చిన ఆదేశాలు తీసి చదివాను. ఆ జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ముందే చదివి ఉంటే నాకు ఒక్క ఫోన్ ఖర్చూ అయ్యేది కాదు.

అందులో ఉన్నది ఇది. బాకీ లేకుండా ఉండి కార్డు మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున బ్యాంకే మనకు కట్టాలి. మెయిల్‌లో అడగొచ్చు, యాప్‌లో అడగొచ్చు, పోస్టులోనే పంపమని పట్టుబట్టకూడదు. లేట్ ఫీజు కూడా ఆఖరు తేదీ దాటి మూడు రోజులకు మించితేనే వేయాలి, అదీ మిగిలిన బాకీ మీదే.

బాకీ లేకుండా ఉండాలి కాబట్టి, మనసొప్పకపోయినా నవంబరు 6న ఆ 679.82 కట్టేశాను. అదే రోజు మెయిల్ పెట్టాను: ఈ డబ్బు అభ్యంతరంతో కడుతున్నాను, తిరిగి ఇవ్వాలి, కార్డు మూసేయాలి. కట్టిన రసీదు, రెండు బిల్లులు, నా పదకొండు కాల్స్ తేదీలు జతచేశాను. వెంటనే ఒక నంబరుతో ఆటోమేటిక్ జవాబు వచ్చింది. రెండు నెలల్లో నా చేతికి దక్కిన మొదటి ఆధారం అది. ఏడు పనిదినాలు నవంబరు 15తో అయిపోయాయి. కార్డు మూసేసినట్టు మెసేజ్ వచ్చింది డిసెంబరు 4న. 19 రోజులు ఆలస్యం, 9,500 రూపాయలు. అది రాసి డిసెంబరు 8న బ్యాంకుకు ఫిర్యాదు పంపాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న రెండు వాక్యాలు తప్ప జవాబు లేదు.

జనవరిలో స్కూటీ లోన్ కోసం వేరే బ్యాంకుకు వెళ్లాను. అక్కడి ఆఫీసర్ గారు మానిటర్ నా వైపు తిప్పి నా క్రెడిట్ రిపోర్టు, అంటే అప్పులు ఎప్పుడెలా కట్టానో చెప్పే చిట్టా, చూపించారు. వరసగా పచ్చ గళ్లు, మధ్యలో రెండు నెలలకు మాత్రం అంకెలు. "ఇక్కడ బాకీ ఆలస్యమైనట్టుంది మేడమ్, ఇది సరి చేయించుకుని రండి" అన్నారు. పక్క కుర్చీలో తెలిసినవాళ్లు ఉన్నారు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా తేదీ దాటనిదాన్ని, ఎగ్గొట్టిన మనిషిలా లేచి బయటికొచ్చాను. మూణ్నెల్లు ఆటోల్లోనే తిరిగాను.

ఆ సాయంత్రమే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి, ఫిర్యాదు పెట్టాను. ముందు మన బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి, 30 రోజులు గడిచినా జవాబు రాకపోవాలి, లేదా వచ్చిన జవాబు సరిగ్గా లేకపోవాలి. ఆ తర్వాత (అప్పట్లో గడువు ఏడాది) రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు. రూపాయి ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే చెప్పారు. కంప్యూటరు రానివాళ్లు కాగితం మీద ఏ భాషలో రాసినా, చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రం తీసుకుంటుంది. అంతకాలం పలకని బ్యాంకు ఫిబ్రవరిలో తానే ఫోన్ చేసింది. అవతల చక్కటి తెలుగు, ఓపికైన గొంతు, నా ఫైలు మొత్తం చదివిన మనిషి. ఇలాంటి మనిషి లోపల ఉండగా నన్ను ఇన్నాళ్లు ఎందుకు తిప్పారని అడిగాను. ఆయన క్షమించమన్నారు. మార్చిలో 9,500, నేను కట్టిన 679.82, రెండూ నా అకౌంట్లో పడ్డాయి. ఏప్రిల్‌లో రిపోర్టు సరైంది, స్కూటీ వచ్చింది.

ఇప్పుడు వేరే కార్డు ఉంది. బిల్లు మొత్తం ఆటోమేటిక్‌గా కట్టయ్యేలా పెట్టాను. ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయను, మెయిలే. క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారు, ప్రతి జనవరిలో తీసి చూసుకుంటున్నాను.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా పెదనాన్న. పోయిన నెల చేబ్రోలు వెళితే ఒక కవరు తెచ్చి, "అమ్మాయ్, ఇదేంటో చదివి పెట్టు, నాకు అంతుపట్టట్లేదు" అన్నారు. మిర్చి డబ్బు వేసుకునే బ్యాంకు ఆయనకు ఇచ్చిన కార్డు బిల్లు అది. కార్డు రక్షణ పథకమట, 1,500, జీఎస్టీతో 1,770. ఆ పథకం ఎప్పుడు తీసుకున్నారు పెదనాన్నా అంటే, "నేనేం తీసుకోలేదమ్మా, ఫోన్లో ఎవరో హిందీలో మాట్లాడారు, సరే సరే అన్నాను" అన్నారు. మనం ఒప్పుకోకుండా కార్డుకు ఇలాంటివి తగిలించకూడదు. అర్థంకాని భాషలో అన్న "సరే" ఒప్పుకోలు ఎలా అవుతుంది? అరుగు మీద కూర్చుని తెల్లకాగితం మీద తెలుగులోనే ఉత్తరం రాశాను. ఆయన సంతకం పెట్టారు. స్పీడ్ పోస్టులో పంపాం. ఉత్తరం ముట్టినట్టు రసీదు వచ్చింది. ఆ తేదీ నుంచి 30 రోజులు ఈ నెల 24కి నిండుతాయి. చండీగఢ్‌కు పంపాల్సిన కాగితాలు ఫైలులో సర్ది నా టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను.