కుక్కల నమూనాలకు యాంటీబాడీలు కొనేవారికి హెచ్చరిక

కుక్కల్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) మీద పరిశోధన చేస్తూ, ఆ స్థితిలో కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్‌ను గుర్తుపట్టి అతుక్కునే యాంటీబాడీ కొనబోతున్నవారు, కేటలాగులో ‘డాగ్’ అన్న మాట కనిపించినంత మాత్రాన ఆర్డరు పెట్టవద్దని మనవి. ఈమధ్య ఒక సరఫరాదారు మా ప్రయోగశాలకు అమ్మిన పాలీక్లోనల్ (ఒకే ప్రోటీన్‌ను గుర్తించే పలు యాంటీబాడీల మిశ్రమమైన) యాంటీబాడీ కుక్క నమూనాలకు ఏమాత్రం పనికిరాలేదు.

సీసా మీద మనిషి, ఎలుక, కుక్క అని మూడు జాతుల పేర్లూ ఒకే వరుసలో ముద్రించి ఉన్నాయి. కుక్క రక్తం నుంచి వేరుచేసిన తెల్లకణాలను ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా పదార్థంతో ప్రేరేపించి వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసి, యాంటీబాడీతో పట్టీలుగా చూసే పరీక్ష) చేస్తే, పట్టీ కనిపించవలసిన 20–25 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర ఏమీ రాలేదు. కణాలే స్పందించలేదేమో అన్న అనుమానం మిగలకూడదని రీకాంబినెంట్ (ప్రయోగశాలలో తయారుచేసిన) ఇంటర్‌ల్యూకిన్-6 ప్రోటీన్లను పక్కపక్కనే వేసి చూశాం. మనిషి ప్రోటీన్ వేసిన చోట పట్టీ చిక్కగా వచ్చింది, కుక్క ప్రోటీన్ వేసిన చోటు ఖాళీగా ఉండిపోయింది. అంటే సరుకు పాడైపోలేదు, కుక్క ప్రోటీన్‌ను గుర్తుపట్టే గుణమే దానికి లేదు.

ఫిర్యాదు చేస్తే, ప్రోటీన్ శ్రేణుల (అమైనో ఆమ్లాల వరుసల) పోలికను బట్టి కుక్కలోనూ పనిచేస్తుందని అంచనా వేశామే తప్ప కుక్క నమూనాపై పరీక్షించలేదని, సీసా తెరిచారు కనుక డబ్బు వాపసు ఇవ్వబోమని జవాబిచ్చారు. సీసా తెరవకుండా యాంటీబాడీని పరీక్షించే పద్ధతి ఏదైనా ఉంటే అదీ వారే సెలవివ్వాలి.

మరో జాతి ప్రోటీన్‌కు తయారైన యాంటీబాడీలన్నీ కుక్కలకు పనికిరావని దీని అర్థం కాదు. మనిషి బి-కణాల్లో ఉండే సీడీ79ఏ అనే ప్రోటీన్ ముక్కకు (పెప్టైడ్‌కు) తయారైన హెచ్‌ఎం57 క్లోన్ అనే యాంటీబాడీతోనే కుక్కల బి-కణ లింఫోమాను (ఒక తెల్లకణ క్యాన్సర్‌ను) గుర్తించడం పశువైద్య పాథాలజీలో మామూలు సంగతి. కానీ ఆ నమ్మకం కుక్క కణజాలంపై పదేపదే చూసినందువల్ల కలిగింది, శ్రేణుల పోలిక వల్ల కాదు. కణాల ఉపరితలం మీది సీడీ4 అనే ప్రోటీన్ విషయంలో ఒక మంచి గీటురాయి ఉంది: మనిషికి భిన్నంగా కుక్క న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) మీద కూడా సీడీ4 ఉంటుంది కాబట్టి, ఫ్లో సైటోమెట్రీలో (మెరిసే యాంటీబాడీలు అంటించిన కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే పరీక్షలో) లింఫోసైట్లు (మరో రకం తెల్లకణాలు) మాత్రమే వెలిగి న్యూట్రోఫిల్స్ చీకటిగా ఉన్న చిత్రాన్ని కుక్క రక్తానిదని ఎవరైనా చూపితే గట్టిగా ప్రశ్నించండి.

అందువల్ల కొనేముందు, కుక్క నమూనాపై తీసిన బ్లాట్ లేదా ఫ్లో చిత్రాన్ని, యాంటీబాడీ తయారీకి జంతువులోకి ఎక్కించిన పదార్థం (ఇమ్యునోజెన్) వివరాలను, మీకు పంపబోయే సరుకు తయారైన విడత (లాట్) నంబరును ఈమెయిల్‌లో తెప్పించుకోండి. కుక్కలో పనిచేయకపోతే తెరిచిన సీసాకైనా డబ్బు తిరిగి ఇవ్వాలన్న షరతును కొనుగోలు ఆర్డరులోనే రాయించండి. ఈ షరతు పెట్టగానే ధర తగ్గిస్తామంటూ మాట మార్చే అమ్మకందారులు కూడా ఉంటారు. అటువంటివారి దగ్గర తక్కువ ధరకు వచ్చినా తీసుకోకపోవడమే మంచిది.