ఓపెన్ ఎంపీఐతో చాలా ఏళ్ల కాపురం

మా సిమ్యులేషన్ కోడ్ ఏళ్ల తరబడి ఓపెన్ ఎంపీఐ మీదే నడుస్తోంది. చాలా కంప్యూటర్ల మీద కలిసి పనిచేసే ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌లు పంపే లైబ్రరీ ఇది. వేగం గురించి నాకు ఫిర్యాదు లేదు. నోడ్ (క్లస్టర్‌లోని ఒక కంప్యూటర్) లోపల షేర్డ్ మెమరీ, బయట ఇన్ఫినీబ్యాండ్ అనే వేగవంతమైన నెట్‌వర్క్, ఏది వాడాలో అదే చూసుకుంటుంది. దీనితో వచ్చే అసలు చిక్కు వేరు: కోడ్‌లో ఉన్న తప్పు ఎప్పటికి బయటపడుతుందో చెప్పలేం.

రెండు ర్యాంకులూ (నంబర్లిచ్చిన ప్రాసెస్‌లు) ముందు ఎంపీఐ_సెండ్, తర్వాత ఎంపీఐ_రిసీవ్ పిలిచాయనుకోండి. ఎంపీఐ స్టాండర్డ్ దీన్ని అన్‌సేఫ్ (నమ్మడానికి లేని) కోడ్ అంటుంది. అయినా మెసేజ్ చిన్నదైతే అవతలివాడు అడగకముందే లైబ్రరీ దాన్ని పంపేసి, సెండ్‌ను వెనక్కి రానిస్తుంది. దీన్ని ఈగర్ పద్ధతి అంటారు. మామూలు టీసీపీ నెట్‌వర్క్ మీద దీని డిఫాల్ట్ హద్దు 64 కిలోబైట్లు. 8,000 డబుల్స్ (8 బైట్ల దశాంశ సంఖ్యలు) పంపితే 64,000 బైట్లు, హాయిగా వెళ్లిపోతాయి. 9,000 పంపితే హద్దు దాటుతుంది, అవతల రిసీవ్ పడేదాకా సెండ్ కదలదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోతారు. చిన్న గ్రిడ్ మీద టెస్టులన్నీ పాసై, పెద్ద గ్రిడ్‌కి వెళ్లగానే జాబ్ హ్యాంగ్ అవుతుంది. పైగా ఎదురుచూసే ప్రాసెస్ ఖాళీగా ఉండదు, పోలింగ్ చేస్తూ సీపీయూని 100 శాతం తింటుంది. టాప్ కమాండ్‌లో చూస్తే బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే ఉంటుంది! జీడీబీ డీబగ్గర్ తగిలించి బ్యాక్‌ట్రేస్ చూస్తే గానీ అసలు సంగతి తెలియదు.

అందుకే టెస్టుల్లో సెండ్ బదులు ఎంపీఐ_ఎస్‌సెండ్ (అవతల రిసీవ్ మొదలయ్యేదాకా వెనక్కి రాని సెండ్) పెట్టి నడుపుతాను. బఫర్ దయ మీద బతికే కోడ్ అక్కడే దొరికిపోతుంది. ఇలాంటిదే మరో ఎంపీఐ లైబ్రరీ ఎంపీఐసీహెచ్‌తో కూడా ఒకసారి కంపైల్ చేస్తాను. దాని హద్దులు వేరు, ఎర్రర్ మెసేజ్‌లు వేరు. ఒకదానితో కట్టిన బైనరీ ఇంకోదాని మీద నడవకపోవడం మాత్రం విసుగు. 2025లో వచ్చిన ఎంపీఐ 5.0 స్టాండర్డ్‌లో ఉమ్మడి ఏబీఐ (ఒకే బైనరీ వేర్వేరు లైబ్రరీలతో నడిచేలా చేసే ఒప్పందం) చేర్చారు. అది క్లస్టర్లన్నిటికీ చేరేదాకా ఈ డబుల్ కంపైల్ తప్పదు.

ఓపెన్ ఎంపీఐ 5.0కి మారేవాళ్లు పాత జాబ్ స్క్రిప్టులు ఒకసారి చూసుకోండి. ఇన్ఫినీబ్యాండ్ కోసం ఉన్న పాత భాగం ఓపెన్‌ఐబీని తీసేశారు, ఆ పని ఇప్పుడు యూసీఎక్స్ అనే లైబ్రరీ చూసుకుంటుంది. ప్రాసెస్ లోపల ఓపెన్‌ఎంపీ (ఇది వేరే, ఓపెన్ ఎంపీఐ కాదు) థ్రెడ్లు కూడా వాడితే, ఏ ప్రాసెస్ ఏ కోర్‌కి కట్టి ఉందో చూపే రిపోర్ట్-బైండింగ్స్ ఆప్షన్ మర్చిపోవద్దు. రెండు ప్రాసెస్‌లతో నడిపితే డిఫాల్ట్‌గా ఒక్కోదాన్ని ఒక్కో కోర్‌కి కట్టేస్తుంది, ప్రాసెస్‌కి ఎనిమిది థ్రెడ్లు పెడితే అన్నీ ఆ ఒక్క కోర్ మీదే కొట్టుకుంటాయి.

జీపీయూల మీద డీప్ లెర్నింగ్ ట్రైనింగ్ మాత్రమే మీ పనైతే ఇదంతా అక్కర్లేదు, ఎన్విడియా జీపీయూల మధ్య డేటా పంపే లైబ్రరీ ఎన్‌సీసీఎల్ చాలు.

ఇక మిగిలిన టెన్షన్: ఒక్క ర్యాంక్ పోతే మామూలుగా జాబ్ మొత్తం పోతుంది. ఓపెన్ ఎంపీఐ 5.0లో దీనికోసం యూఎల్‌ఎఫ్‌ఎం (ర్యాంక్ పోయినా మిగతావి కొనసాగేలా చేసే సదుపాయం) చేర్చారు గానీ, దాన్ని వాడాలంటే కోడ్ చాలాచోట్ల తిరగరాయాలి. నేనింకా మధ్యమధ్యలో స్థితిని దాచుకునే చెక్‌పాయింట్ ఫైళ్లనే నమ్ముకుంటున్నాను.