నాలుగు సెకన్లు, ఆరో ఫౌల్: మా ఫుట్సల్ లీగ్‌పై ఒక సీజన్ ఆడిన తరువాత సమీక్ష

హైదరాబాద్‌కు పడమటి వైపున ఒక ఇండోర్ హాలులో ఆదివారం సాయంత్రాలు జరిగే ఎనిమిది జట్ల ఫుట్సల్ (హాలులో ఐదుగురేసి ఆడే ఫుట్‌బాల్) లీగ్‌లో మా జట్టు ఈ ఏడాది తొలిసారి ఒక పూర్తి సీజన్ ఆడింది. లీగ్ దశలో ఏడు మ్యాచ్‌లు, ఆ తరువాత ఒక సెమీఫైనల్, మొత్తం ఎనిమిది మ్యాచ్‌ల అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి, వాటిలో కొన్నింటిని నిర్వాహకులు సీజన్ నడుస్తుండగానే సరిదిద్దుకున్నారు కాబట్టి లీగ్ పేరు రాయడం న్యాయం కాదని భావించాను. ఏ ఫుట్సల్ లీగ్‌లో చేరినా మనం కట్టే రుసుముకు అసలైన ప్రతిఫలం నియమాల అమలులోనే ఉంటుందని నేను ఈ మూడు నెలల్లో గట్టిగా నమ్మాను. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం నియమాల చుట్టూనే తిరుగుతుంది.

గచ్చిబౌలి, కొండాపూర్ మొదలుకొని నాగోలు దాకా నగరమంతటా ఇప్పుడు టర్ఫ్‌లు వెలిశాయి, వాటి మీద ఐదుగురేసి ఆడే ఆటను అందరమూ ఫుట్సల్ అనే పిలుస్తున్నాము. అయితే కృత్రిమ గడ్డి మీద, మామూలు 5వ సైజు బంతితో, చుట్టూ కట్టిన వలకు తగిలి బంతి వెనక్కి వచ్చినా ఆపకుండా ఆడే ఆటకూ ఫుట్సల్‌కూ చాలా దూరం ఉంది. 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలోని వై.ఎం.సి.ఎ.లో హువాన్ కార్లోస్ సెరియానీ ఈ ఆటను వ్యాయామశాల నేలకు సరిపోయేలా రూపొందించారు. ఐదుగురు ఆటగాళ్లు బాస్కెట్‌బాల్ నుంచి, 3 మీటర్ల వెడల్పు 2 మీటర్ల ఎత్తు ఉండే గోల్ హ్యాండ్‌బాల్ నుంచి వచ్చాయి. చెక్క నేల, టచ్‌లైన్ (పక్క గీత), ఎక్కువగా ఎగరని చిన్న బంతి లేకపోతే ఈ ఆటలోని మెలకువలు నేర్చుకునే అవసరమే రాదు.

ఈ విషయంలో మా లీగ్‌కు పూర్తి మార్కులు వేస్తాను. ఫుట్సల్ బంతి 4వ సైజుది, చుట్టుకొలత 62 నుంచి 64 సెంటీమీటర్లు, బరువు 400 నుంచి 440 గ్రాములు. 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటి ఎగురు 50 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 65కు మించకూడదు. గోల్ అడ్డకర్ర సరిగ్గా 2 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి మా రిఫరీ ప్రతి మ్యాచ్‌కు ముందు బంతిని ఆ కర్ర పక్క నుంచి వదిలి, అది మోకాలి దరిదాపుల్లో ఆగుతున్నదో లేదో చూసేవారు. అరనిమిషం పట్టే ఈ పరీక్ష నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే బంతి సరైనదైతేనే దానిని అరికాలితో తొక్కి ఆపడం, అరికాలితోనే పక్కకు దొర్లించడం, ఇరుకులో బూటు కొసతో చటుక్కున గోల్‌కు కొట్టడం వంటివి పనికి వస్తాయి. టర్ఫ్ మీద ఏళ్ల తరబడి పాదం లోపలి వైపుతోనే బంతిని అందుకోవడానికి అలవాటుపడిన మాకు మొదటి రెండు వారాలు ఈ అరికాలి పాఠానికే సరిపోయాయి.

ఇక నాలుగు సెకన్ల నియమం. బంతి టచ్‌లైన్ దాటితే దానిని చేతితో విసరరు, గీత మీద కదలకుండా ఉంచి కాలితో లోపలికి తన్నాలి. ఈ కిక్-ఇన్‌కైనా, కార్నర్‌కైనా, ఫ్రీ కిక్‌కైనా, కీపర్ చేతితో విసిరే గోల్ క్లియరెన్స్‌కైనా నాలుగు సెకన్లే గడువు, ప్రత్యర్థులు కిక్-ఇన్ సమయంలో 5 మీటర్ల దూరంలో నిలబడాలి. గడువు దాటితే కిక్-ఇన్ అవతలి జట్టుకు వెళ్తుంది. మా రిఫరీ చెయ్యి పైకెత్తి వేళ్లు ఒక్కొక్కటిగా విప్పుతూ లెక్కపెట్టేవారు, ఎవరి ముఖమూ చూసేవారు కాదు. మొదటి మ్యాచ్‌లో మేము ఇలా ఐదుసార్లు బంతి పోగొట్టుకున్నాము. ఆ తరువాత మా అభ్యాసంలో ఒక మార్పు చేసుకున్నాము: బంతి గీత దాటుతున్నప్పుడే, దానిని తెచ్చే మనిషి కాక మిగిలిన ముగ్గురూ కదలడం మొదలుపెట్టాలి. ఒకడు తన్నేవాడి దగ్గరికి పరుగెత్తి తన వెంట ఒక డిఫెండర్‌ను లాక్కుపోతాడు, ఆ ఖాళీలోకి రెండోవాడు వస్తాడు, మూడోవాడు వెనుక భద్రంగా ఉంటాడు. కిక్-ఇన్ నుంచి నేరుగా కొట్టిన గోల్ చెల్లదు కాబట్టి ఆ రెండోవాడి స్పర్శ తప్పనిసరి. కార్నర్ నుంచి నేరుగా గోల్ చెయ్యవచ్చన్న సంగతి మా జట్టులో సగం మందికి సీజన్ మధ్యలో గానీ తెలియలేదు.

కీపర్ నియమం మమ్మల్ని ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టింది. కోర్టులో తన సగంలో కీపర్ బంతిని చేతితోనైనా కాలితోనైనా నాలుగు సెకన్లకు మించి ఉంచుకోకూడదు. ఒకసారి బంతిని ఆడిన తరువాత, మధ్యలో ప్రత్యర్థి ఎవరూ దానిని తాకకుండా, సహచరుడు మళ్లీ అతనికి ఆ సగంలో పాస్ ఇవ్వకూడదు, ఇస్తే ప్రత్యర్థికి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్, అంటే నేరుగా గోల్ చెయ్యలేని కిక్. ఒత్తిడి వస్తే కీపర్‌కు ఇచ్చెయ్యడమే టర్ఫ్ మీద మా ఆనవాయితీ. ఇక్కడ ఆ తలుపు ఒక్కసారే తెరుచుకుంటుంది. ఆ ఒక్కసారిని ఎప్పుడు వాడుకోవాలో నిర్ణయించుకునే జట్టుకూ, భయపడినప్పుడల్లా వాడేసే జట్టుకూ తేడా రెండో అర్ధభాగంలో స్పష్టంగా కనిపిస్తుంది.

నా పెద్ద ఫిర్యాదు ఫౌల్స్ లెక్కకు సంబంధించినది. ఒక అర్ధభాగంలో ఒక జట్టు చేసిన, డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ చెయ్యగల కిక్) లేదా పెనాల్టీకి దారితీసే ఫౌల్స్ అన్నీ ఎవరు చేసినా జట్టు ఖాతాలోనే చేరతాయి. ఐదు దాకా ప్రత్యర్థి ఫ్రీ కిక్‌కు ఎదురుగా మనం అడ్డుగోడ కట్టుకోవచ్చు. ఆరోది మొదలుకొని ఆ అర్ధభాగం ముగిసేదాకా ప్రతి ఫౌల్‌కూ ప్రత్యర్థికి అడ్డుగోడ లేని కిక్ లభిస్తుంది: 10 మీటర్ల గుర్తు దగ్గర బంతి, ఎదురుగా కీపర్ ఒక్కడే, మిగతావారందరూ బంతికి వెనుకనే. ఫౌల్ ఆ గుర్తుకంటే గోల్‌కు దగ్గరగా జరిగితే అక్కడి నుంచే కొట్టుకోవచ్చు. విరామం తరువాత లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మ్యాచ్ గతిని ఇంతగా మార్చే నియమం ఈ ఆటలో మరొకటి లేదని నా అభిప్రాయం, అలాంటి లెక్కను మొదటి రెండు వారాలూ రిఫరీ తన జ్ఞాపకంలోనే ఉంచుకున్నారు. మా రెండో మ్యాచ్‌లో 2-2 వద్ద, మా లెక్క ప్రకారం ఐదో ఫౌల్‌ను ఆయన ఆరోదిగా ప్రకటించారు. అంతకుముందు అడ్వాంటేజ్ ఇచ్చి, అంటే బంతి మా ప్రత్యర్థి దగ్గరే ఉందని, ఆట సాగనిచ్చిన ఒక ఫౌల్‌ను తరువాత కలిపానని వివరించారు. అలా కలపడం నియమం ప్రకారం సరైనదే, కానీ బంతి ఆగిన వెంటనే ఆ సంగతిని టైమ్‌కీపర్ బల్ల దగ్గరికి, రెండు జట్లకూ సైగతో తెలియజేయాలి. అది జరగలేదు, మేము ఆ కిక్‌తో మ్యాచ్ ఓడిపోయాము.

ఆ రాత్రి మర్యాదగానే, వివరంగా నిర్వాహకులకు రాశాను. మూడో వారానికి టైమ్‌కీపర్ బల్ల మీద రెండు జట్లకూ అంకెల అట్టలు వచ్చాయి, ఐదో ఫౌల్ పూర్తయిన జట్టు వైపు ఒక ఎర్ర జెండా నిలబెట్టడం మొదలుపెట్టారు. తప్పును ఒప్పుకుని ఏడు రోజుల్లో దిద్దుకున్న నిర్వాహకుల మీద నాకు అప్పటి నుంచి గౌరవం పెరిగింది. ఆ జెండా కనిపించడంతో ఆటలో ఆలోచన కూడా పెరిగింది. జెండా మన వైపు నిలిచిన తరువాత పైకి వెళ్లి ఒత్తిడి పెట్టడం మానుకుని, నలుగురమూ మన సగంలోకి దిగి, కాళ్లు చాపకుండా దారి మూసి నిలబడాలి. జెండా అవతలి వైపు నిలిస్తే మనలో బంతిని బాగా మెలితిప్పేవాడిని ఒంటరి డిఫెండర్ ఎదుటికి పంపాలి. మొదటి పది నిమిషాల్లో, గోల్‌కు దూరంగా, అవసరం లేకుండా చేసే చొక్కా లాగుళ్లకు ఎంత వెల కట్టవలసి వస్తుందో మా కుర్రవాళ్లకు నేను చెప్పి ఒప్పించలేకపోయాను. ఆ జెండా ఒప్పించింది.

గడియారం విషయంలో లీగ్ రాజీపడింది. అసలు నియమం ప్రకారం ఒక్కో అర్ధభాగం 20 నిమిషాలు, బంతి బయటికి పోయిన ప్రతిసారీ గడియారం ఆగాలి. హాలు అద్దె గంటల లెక్కన ఉంటుంది కాబట్టి ఇక్కడ గడియారాన్ని ఆపకుండా నడిపించి, రెండో అర్ధభాగం చివరి రెండు నిమిషాలు మాత్రమే ఆపుతారు. ఈ ఇబ్బందిని అర్థం చేసుకోగలను. అయితే ముందంజలో ఉన్న జట్టు బంతిని హాలు మూలకు తన్ని కాలం గడిపే అవకాశం దీనివల్ల ఏర్పడింది. నాలుగో వారం నుంచి టచ్‌లైన్ వెంట రెండు అదనపు బంతులు పెట్టడంతో ఆ బెడద చాలావరకు తగ్గింది. ఒక్కో అర్ధభాగానికి ఒక నిమిషం టైమ్ అవుట్ మాత్రం సక్రమంగా ఇచ్చారు. మొదటి అర్ధభాగంలో వాడుకోనిది రెండో అర్ధభాగానికి బదిలీ కాదని గుర్తుంచుకుని, మా జట్టు ప్రతిసారీ విరామానికి ముందే దానిని వాడుకుంది.

ఇలాంటి నియమాల నడుమ ఏ వ్యూహం నిలుస్తుందో కూడా చెప్పాలి. వీడియోల్లో చూసి ముచ్చటపడి మేము మొదట నలుగురినీ వెనుక ఒకే వరుసలో ఉంచి తిప్పే 4-0 పద్ధతిని ప్రయత్నించాము. వారానికి ఒక్కరోజు కలిసే జట్టుకు అది అందని పని. ఒకరు వెనుక, ఇద్దరు చెరో పక్క, ఒకరు ముందు ఉండే వజ్రాకారానికి మారాకనే మాకు గోల్స్ రావడం మొదలైంది. ముందుండే ఆటగాడిని పివో అంటారు. అతను గోల్‌కు వీపు పెట్టి, అరికాలితో బంతిని ఆపి, వెనుక నుంచి వచ్చేవాడికి అందించాలి. ఇతనికి వేగం కంటే నడుము బలం, ఓర్పు ఎక్కువ అవసరం. మా జట్టులో అందరికంటే నెమ్మదిగా పరుగెత్తే మిత్రుడే ఆ స్థానంలో అందరికంటే బాగా రాణించాడు. ఒక పక్క నుంచి కొట్టే ప్రతి షాట్‌కూ రెండో గోల్ కంబం దగ్గర మనవాడు ఒకడు ఉండాలన్నది మేము నేర్చుకున్న మరో సూత్రం, సీజన్‌లో మా గోల్స్‌లో పెద్ద భాగం అక్కడ పాదం చాపి తోసినవే.

ఆటగాళ్ల మార్పిడికి పరిమితి లేదు, ఆట ఆపనవసరం లేదు, కానీ బయటికి వచ్చేవాడు పూర్తిగా గీత దాటాకనే, బెంచీ ఎదుట ఉన్న 5 మీటర్ల ప్రాంతం నుంచే కొత్తవాడు లోపలికి వెళ్లాలి. లోపలికి వెళ్లేవాడు తన ప్రాక్టీస్ బనియను బయటికి వచ్చేవాడి చేతికి ఇవ్వాలన్న నిబంధనను లీగ్ పట్టుబట్టి అమలు చేసింది, దానితో ఆరుగురు ఆడారన్న గొడవ ఒక్కసారీ తలెత్తలేదు. మూడు నిమిషాలకోసారి మార్చుకునే జట్టు చివర్లో నిలబడుతుంది, అలిసిపోయినా బయటికి రానని మొండికేసే ఆటగాడు తన జట్టుకే నష్టం చేస్తాడు.

సెమీఫైనల్‌లో 3-2తో వెనుకబడి, చివరి రెండు నిమిషాల్లో మా కీపర్‌ను బయటికి రప్పించి, కీపర్ రంగు చొక్కా తొడిగిన ఒక ఆటగాడిని లోపలికి పంపాము. అవతలి సగంలో కీపర్‌కు నాలుగు సెకన్ల గడువు గానీ, తిరిగి పాస్ అందుకోరాదన్న నిషేధం గానీ వర్తించవు కాబట్టి అక్కడ వారి కీపర్ కాక మిగిలిన నలుగురి మీద ఐదుగురం అవుతాము. తొందరపడకుండా బంతిని పక్కలకు తిప్పుతూ, వారి అమరిక ఒక పక్కకు ఒరిగినప్పుడు రెండో కంబం దగ్గరికి కొట్టాలన్నది ఆలోచన. ఒకసారి కంబానికి తగిలింది. మరుసటి పాస్‌ను వాళ్లు అడ్డుకుని, ఖాళీగా ఉన్న మా గోల్‌లోకి కోర్టు మధ్య గీత వెనుక నుంచి దొర్లించారు. దీనిని మేము సీజన్ మొత్తంలో ఒక్కసారే అభ్యాసం చేశాము, ఆ లోటు కనిపించింది.

మిగిలిన విషయాలు క్లుప్తంగా. జట్టుకు 15,000 రూపాయల రుసుము, పది మంది పంచుకుంటే ఆదివారం ఒక్కంటికి మనిషికి 200 రూపాయలు కూడా కాదు, న్యాయమైన ధర. మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె ఉన్నాయి. గుర్తులు పడని రబ్బరు అడుగు బూట్లు లేకపోతే లోపలికి రానివ్వరు, అది మంచిదే. బంతిని లాక్కోవడానికి నేల మీద జారుతూ చేసే టాకిల్‌ను లీగ్ పూర్తిగా నిషేధించింది. ప్రత్యర్థికి ప్రమాదం లేనప్పుడు అసలు నియమాలు దానిని అనుమతిస్తాయి, అయినా సోమవారం ఉదయం ఉద్యోగాలకు వెళ్లవలసిన మా వంటివారికి ఈ నిషేధమే శ్రేయస్కరమని నేను అనుకుంటున్నాను. ఒక పక్క టచ్‌లైన్‌కూ గోడకూ మధ్య మీటరు కూడా లేదు, అక్కడ మెత్తలు కట్టాలని రెండుసార్లు అడిగాము, సీజన్ ముగిసేదాకా కట్టలేదు. ఒక ఆటగాడి మోచేయి అక్కడే చీరుకుపోయింది. ఇది క్షమించదగిన లోపం కాదు.

రిఫరీ ఒక్కరే ఉండటం చివరి ఫిర్యాదు. నియమం ఇద్దరిని, చెరో టచ్‌లైన్ వెంట కోరుతుంది. మన దేశంలో ఈ ఆట వ్యవస్థగా ఇంకా పసిదే: ఢిల్లీలో తొలి జాతీయ క్లబ్ పోటీ 2021లో జరిగింది, పురుషుల జాతీయ జట్టు అంతర్జాతీయ పోటీల్లో అడుగుపెట్టింది 2023లో. ఫుట్సల్ నియమాలు క్షుణ్ణంగా తెలిసిన రిఫరీలు దొరకడం కష్టమని నిర్వాహకులు చెప్పిన మాటను నేను నమ్ముతున్నాను. అందుకే వచ్చే సీజన్‌కు మా జట్టు తరఫున ఒక ప్రతిపాదన పంపాము: ప్రతి జట్టూ తన మ్యాచ్ లేని వేళ ఒక ఆటగాడిని రెండో రిఫరీగా, అవతలి టచ్‌లైన్ వద్ద దూరాలు, నాలుగు సెకన్లు చూసుకోవడానికి ఇవ్వాలని, వారికి ముందుగా ఒక పూట శిక్షణ ఏర్పాటు చేయాలని కోరాము. మొదటి పేరుగా నాదే రాశాను. గోడకు మెత్తలు కట్టిన రోజున రుసుము కడతామని కూడా అదే లేఖలో తెలియజేశాము.