పదిహేనేళ్ళు వాడిన సెప్టిక్ ట్యాంకు గురించి

మా వీధిలోకి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లైను వస్తే కనెక్షన్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలని మొన్న ఆదివారం రామకోవెల అరుగు మీద రెండు గంటలు వాదులాట జరిగింది. "నా ట్యాంకుకి ఇన్నాళ్ళలో పైసా ఖర్చవలేదు. నాకెందుకండీ ఈ లైను?" అన్నారు ఎదురింటి మాస్టారు. నేను ఇంటికొచ్చి పాత డైరీలు తీశాను. విజయనగరంలో ఈ ఇల్లు కట్టింది 2010లో. అప్పటి నుంచీ ఇదే ట్యాంకు, వాడేది మేం ఐదుగురం.

ట్యాంకు పొడవు 8 అడుగులు, వెడల్పు 5, లోతు 6. మధ్యలో అడ్డుగోడ. బరువైంది అడుక్కి దిగుతుంది, తెట్టు పైన తేలుతుంది, మధ్య నీళ్ళు పక్కనున్న ఇంకుడు గుంతలోకి పోతాయి. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక నీళ్ళకి అల్లాడాం గానీ ట్యాంకు తన పని తను చేసుకుపోయింది. అక్కడ దానికి పూర్తి మార్కులు.

ఏడిపించింది ఇంకుడు గుంత. ఎండాకాలం కిక్కురుమనదు. వానలు పడి నేల నానిందంటే మాత్రం నీళ్ళు ఇంకడానికి చోటేదీ? 2018లో పైడితల్లి అమ్మవారి సిరిమానుకి చుట్టాలొచ్చారు, ఇంట్లో పద్నాలుగు మందిమి. మధ్యాహ్నానికి ఫ్లష్ నొక్కితే నీళ్ళు కిందికి పోవడం మానేసి పైకి లేచి అంచు దగ్గర ఆగాయి. బాత్రూమ్ జాలీలోంచి గుడగుడమని చప్పుడు. మా అత్తగారు తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుని "ఇంకెవరూ నీళ్ళు పొయ్యకండర్రా" అంటూ కాపలా. చుట్టాల్ని ఒక్కొక్కరినీ పక్కింటికి పంపించాను. ఆ సిగ్గు ఇంతా అంతా కాదు. మరుసటి ఏడు కొత్త గుంత తవ్వించి వరలు దింపించాను, 18,000 అయింది.

రెండు మూడేళ్ళకోసారి ట్యాంకు ఖాళీ చేయించాలంటారు. నేను మొదటిసారి బండిని పిలిచింది 2017లో, అంటే ఏడేళ్ళకి. తప్పు నాదే. పైగా మేస్త్రీ మూత బిళ్ల మీద టైల్స్ వేసేశాడు. బిళ్ల ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. గునపంతో కొట్టుకుంటూ, డొల్ల చప్పుడు ఎక్కడొస్తుందో వింటూ వెతికాం. రెండు టైల్స్ ఉత్తపుణ్యాన పగిలాయి. తీరా మూత తీస్తే అడుగున గట్టిపడిపోయి తారులా ఉంది, పైపు లాగదు. బండితో వచ్చిన కుర్రాడు "దిగి తవ్వేయమంటారా బావూ, ఇంకో ఐదొందలివ్వండి" అన్నాడు. వద్దన్నాను. లోపలుండే గాలి క్షణాల్లో మనిషిని పడగొడుతుంది. అలా మనుషుల్ని దింపడం, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, నేరం కూడా. నీళ్ళు పోసి, వెదురు కర్రతో కలియబెట్టి, మూడు గంటలు పట్టినా పైపుతోనే లాగించాం. ఇదంతా ఎక్కడ పోస్తావని డ్రైవర్ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఇక లెక్క. మూడుసార్లు బండికి 6,500, గుంతకి 18,000, బిళ్లకీ టైల్స్‌కీ 3,500. మొత్తం 28,000. ఏడాదికి రెండు వేలకు కాస్త తక్కువ. మరి మాస్టారికి పైసా ఎందుకవలేదు? ఆయన ట్యాంకుకి ఇంకుడు గుంతే లేదు. నిండిన నీళ్ళు గొట్టంలోంచి నేరుగా వీధి కాలువలోకి పోతాయి, ఆ కాలువ మా గేటు ముందు నుంచే వెళ్తుంది. మా వీధిలో సగం ఇళ్ళు అంతే. ఆ ఖర్చు మా ముక్కులు కడుతున్నాయి, దోమలు కూడా మాకే.

అలాగని లైను వస్తే కష్టాలు తీరిపోతాయనీ అనను. మాది 200 గజాల స్థలం, 30 బై 60, తూర్పు ముఖం. వాస్తు అని ట్యాంకు వాయువ్యంలో పెట్టాం, అంటే ఇంటి వెనక. లైనొచ్చేది ముందు రోడ్డులో. అరవై అడుగుల పైపుకి కనీసం అడుగు వాలు కావాలి. పక్కసందు గచ్చంతా పగలగొట్టాలి, మేస్త్రీ 38,000 చెప్పాడు. డిపాజిట్టూ నెలనెలా చార్జీ వేరే. కోవెల దగ్గర ఈ లోపలి ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు, రోడ్డు తవ్వకం గురించే అరుచుకున్నారు. చివర్లో పెన్షన్ మీద బతికే మూలింటి పిన్నిగారు మెల్లగా "నా దగ్గర ఒకేసారి అంత ఎక్కడుంటాది బాబూ?" అంది. ఎవరూ పలకలేదు.

విశాఖలో మా చెల్లెలి ఇంటికి ఎన్నో ఏళ్ళుగా డ్రైనేజీ కనెక్షన్ ఉంది. ఒకసారి చాంబర్ పూడుకుపోయి రెండు రోజులు టెన్షన్ పడ్డారట, అంతే. వానాకాలం భయం లేదు. ట్యాంకుకి నేను ఐదుకి మూడిస్తాను, ఇంకుడు గుంతకి ఒకటి. వాయిదాల్లో కట్టనిస్తే కనెక్షన్‌కి నేను సిద్ధమే, పిన్నిగారికీ అదే వీలు ఉండాలని వచ్చే ఆదివారం అడుగుతాను. ఈలోగా దసరాలకు ముందే రమ్మని బండికి చెప్పి ఉంచాను. బిళ్ల ఎక్కడుందో వెనక గోడ మీద ఎర్ర పెయింటుతో బాణం గుర్తు వేశాను.