హెచ్చరిక: లిబరల్ ఆర్ట్స్ ఎంఏ సీటు అంటే వెంటనే పైసలు కట్టకండి

డిగ్రీ ఫలితాలు రాగానే నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తిలో కన్సల్టెన్సీల ఫోన్లు మొదలవుతాయి. ఇప్పటిదాకా ఎంబీఏ, బీఈడీ సీట్లు అమ్మినవాళ్లే ఇప్పుడు "లిబరల్ ఆర్ట్స్ అండ్ పబ్లిక్ హ్యుమానిటీస్"లో పీజీ అంటున్నారు. చెప్పే మాటలు దాదాపు ఒకటే: పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసే పని లేదు, ఇంట్లోనే చదవచ్చు, ఏడాదిలో ఎంఏ చేతికొస్తుంది, లెక్చరర్ పోస్టుకు చెల్లుతుంది, నెలనెలా కొంచెం కడితే చాలు. ఇలా కట్టి ఇరుక్కున్న పిల్లల కాగితాలు చూస్తే మోసం ఎక్కడెక్కడ జరుగుతుందో తెలుస్తుంది. చేరబోయేవాళ్ల కోసమే ఈ పోస్టు.

ముందే ఒక మాట. ఈ చదువులో తప్పేమీ లేదు. చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం కలిపి చదివి, ఆ చదువును మ్యూజియాలకు, ఆర్కైవ్స్‌కు, ఊళ్లకు, బడులకు తీసుకెళ్లడం దాని పని. మన దగ్గర దానికి సరుకు కొదవ లేదు: పానగల్లు గుళ్లు, ఫణిగిరి బౌద్ధ స్థలం, అలంపురం నవబ్రహ్మ ఆలయాలు, ముడుమాల్ నిలువురాళ్లు, పాలమూరు వలస కూలీల జీవితాలు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఊళ్ల అనుభవాలు. ఇక్కడ చెడ్డది చదువు కాదు, అమ్మకం.

మొదట అడగాల్సింది ఒక్కటే: చివరికి చేతికొచ్చే కాగితం మీద ఏం రాసి ఉంటుంది, కింద సంతకం ఎవరిది? "పీజీ ప్రోగ్రామ్", "మాస్టర్స్ లెవెల్ సర్టిఫికేషన్", "ఫెలోషిప్" అన్నవి ఎంఏ కావు. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీకి సంబంధించిన 1956 నాటి చట్టం 22వ సెక్షన్ ప్రకారం చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీలు, డీమ్డ్ యూనివర్సిటీలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీ ఇవ్వగలవు. ఒక ట్రస్టు, అకాడమీ, ఇన్‌స్టిట్యూట్ తన లెటర్‌హెడ్ మీద ఎంత అందంగా అచ్చేసినా అది డిగ్రీ కాదు. పీజీ డిప్లొమా అని బాహాటంగా చెప్పి అమ్మేవాళ్లతో పేచీ లేదు. అశోకా యూనివర్సిటీ యంగ్ ఇండియా ఫెలోషిప్ కూడా ఏడాది కోర్సే, వాళ్లు ఇచ్చేది పీజీ డిప్లొమా అని వాళ్లే చెబుతారు. డిప్లొమాను ఎంఏ అని చెప్పి అమ్మడమే మోసం.

"ఏడాదిలో ఎంఏ" అన్న మాట కొంత నిజం కాబట్టే ఎక్కువమంది పడిపోతున్నారు. యూజీసీ 2024లో తెచ్చిన పీజీ ఫ్రేమ్‌వర్క్‌లో ఏడాది పీజీ ఉంది. కానీ అది నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు, 40 క్రెడిట్లతో. దోస్త్‌లో చేరి మూడేళ్ల బీఏ, బీకాం చేసినవాళ్లకు పీజీ రెండేళ్లు, 80 క్రెడిట్లు. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే సొంతంగా చదివే సమయంతో కలిపి 30 గంటల పని. అంటే 80 క్రెడిట్లకు 2,400 గంటలు. శని, ఆదివారాలు రెండేసి గంటల జూమ్ క్లాసు, ఆరు నెలల్లో పట్టా అని చెబుతున్నారంటే అన్నీ కలిపినా వంద గంటల చిల్లర. లెక్క మీరే వేసుకోండి.

ఇక సబ్జెక్టు పేరు. అసలైన యూనివర్సిటీ ఇచ్చిన అసలైన ఎంఏ అయినా ఇక్కడ దెబ్బ తగలొచ్చు. ఈ సంగతి కోర్సు అమ్మేవాడు చెప్పడు, కొనేవాళ్లకు అడగాలని తోచదు. అధ్యాపక అర్హత పరీక్ష నెట్ సబ్జెక్టుల జాబితాలో చరిత్ర, సమాజశాస్త్రం, జానపద సాహిత్యం, తులనాత్మక సాహిత్యం, మ్యూజియాలజీ ఉన్నాయి. లిబరల్ ఆర్ట్స్ లేదు. పీజీ సబ్జెక్టు జాబితాలో లేనివాళ్లు దగ్గరి సబ్జెక్టులో నెట్ రాసుకోవచ్చు, అదొక్కటే ఊరట. అయితే నెట్ రాయడం వేరు, ఉద్యోగానికి అర్హత వేరు. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్లు సంబంధిత సబ్జెక్టులో పీజీ అడుగుతాయి. సర్టిఫికెట్ వెరిఫికేషన్ టేబుల్ దగ్గర "హిస్టరీ లెక్చరర్ పోస్టుకు లిబరల్ ఆర్ట్స్ ఎంఏ ఎలా?" అని అడిగితే కన్సల్టెన్సీ అన్న అక్కడికి వచ్చి జవాబు చెప్పడు. అందుకే చేరకముందే టీజీపీఎస్సీ పాత నోటిఫికేషన్ తీసి మీరు కోరుకునే పోస్టు అర్హతను అక్షరం అక్షరం చదవండి. లెక్చరర్ కావాలన్నదే లక్ష్యమైతే చరిత్రలోనో, తెలుగులోనో, సోషియాలజీలోనో మామూలు ఎంఏ చేసి, పబ్లిక్ హ్యుమానిటీస్‌ను చిన్న కోర్సుగానో ప్రాజెక్టుగానో పెట్టుకోవడం మంచిది. మ్యూజియం, ఎన్‌జీవో, పబ్లిషింగ్, డాక్యుమెంటరీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు సబ్జెక్టు పేరుతో అంత ఇబ్బంది ఉండదు. అక్కడ చేసిన పని చూస్తారు.

గుర్తింపును ఏజెంట్ పంపిన వాట్సాప్ పీడీఎఫ్‌లో చూడకండి. యూజీసీ దూరవిద్యా బ్యూరో, అంటే డీఈబీ, వెబ్‌సైట్‌లో చూడండి. అక్కడ యూనివర్సిటీ పేరు కనిపిస్తే సరిపోదు. ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ పద్ధతికి, మీరు చేరే సెషన్‌కు అనుమతి ఉండాలి. దూరవిద్య, ఆన్‌లైన్ రెండూ ఒకటి కావు. ఎంబీఏకు అనుమతి ఉన్న యూనివర్సిటీ పేరు చూపించి లిబరల్ ఆర్ట్స్ ఎంఏ అంటగట్టడం, రెండేళ్ల కిందటి అనుమతి పత్రాన్ని ఈ ఏటిదని నమ్మించడం మామూలైపోయింది. దూరవిద్యకు రాష్ట్రం హద్దు కూడా ఉంది: పక్క రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీ మహబూబ్‌నగర్‌లో స్టడీ సెంటర్ తెరవలేదు. ఫ్రాంచైజీ అసలే నిషేధం. 2020 నిబంధనల ప్రకారం లెర్నర్ సపోర్ట్ సెంటర్ గుర్తింపు ఉన్న కాలేజీలోనే ఉండాలి. మెడికల్ షాపు మీది మేడలో రెండు కుర్చీలు, ఒక ఫ్లెక్సీ పెట్టుకున్న గది స్టడీ సెంటర్ కాదు. విదేశీ యూనివర్సిటీ డిగ్రీ ఇక్కడి ఫ్రాంచైజీ ద్వారా ఇప్పిస్తామనేవాళ్లను గడప కూడా ఎక్కనివ్వకండి, అది ఇక్కడి డిగ్రీతో సమానమనే పత్రం రాదు.

దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేరాలంటే 2024 సెప్టెంబరు సెషన్ నుంచి డీఈబీ ఐడీ తప్పనిసరి. దానికి ముందు ఏబీసీ ఐడీ, అంటే మీ క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు, ఉండాలి. డిజిలాకర్‌లో తీసుకోవచ్చు. ఈ రెండూ మీ ఫోన్ నంబరుతో, మీ ఈమెయిల్‌తో మీరే చేసుకోండి. ఏజెంట్ "నేను చూసుకుంటా తమ్మీ" అని తన నంబరు పెడితే ఓటీపీలన్నీ ఆయనకే పోతాయి. యూనివర్సిటీ పంపే పరీక్ష తేదీ, ఫీజు గడువు, చివరికి మార్కుల మెమో కూడా ఆయన ఇన్‌బాక్స్‌లోనే పడి ఉంటాయి. డీఈబీ ఐడీ అడగకుండానే అడ్మిషన్ అయిపోయిందన్నారంటే ఆ అడ్మిషన్ యూనివర్సిటీ లెక్కలో లేనట్టే అనుకోండి.

అన్నిటికన్నా లోతైన గొయ్యి ఈఎంఐ. ఫీజు 1,20,000 అనుకుందాం. నెలకు పదివేలు, వడ్డీ లేదు అంటారు. ఆధార్, పాన్, ఒక సెల్ఫీ, రెండు ఓటీపీలు, పది నిమిషాల పని. యూనివర్సిటీ ఫీజును వాయిదాల్లో తీసుకుంటోందని పిల్లలు అనుకుంటారు. కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరునో మీ నాన్న పేరునో పర్సనల్ లోను ఇచ్చి, మొత్తం కోర్సు అమ్మినవాడి ఖాతాలో వేసేస్తుంది. వడ్డీ లేదన్నది కూడా మాటవరసకే, ఆ వడ్డీని ముందే ఫీజులో కలిపేస్తారు. మూడో నెల కోర్సు నచ్చక మానేస్తే చదువు ఆగుతుంది, లోను ఆగదు. అమ్మినవాడికి డబ్బు ముట్టింది కాబట్టి ఆయనకు తొందర లేదు. మీ ఖాతా నుంచి ఆటో డెబిట్ పోతూనే ఉంటుంది, ఖాతాలో లేకపోతే బౌన్స్ చార్జీ పడుతుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు మీ నాన్న ట్రాక్టర్ లోనుకు బ్యాంకుకు పోతే ఆ మచ్చ అక్కడ కనబడుతుంది.

ఓటీపీ చెప్పేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి. లోను ఇచ్చే కంపెనీ దాన్ని ఇవ్వాల్సిందే, రిజర్వ్ బ్యాంకు నిబంధన అది. అందులో మూడు చూడండి: అప్పు ఇచ్చే కంపెనీ పేరు, అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ శాతం, కూలింగ్ ఆఫ్ గడువు. ఆ గడువులో అసలు, ఆ కొద్దిరోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. గడువు చాలా చిన్నది, ఆలోచిద్దాంలే అనుకుంటే దాటిపోతుంది. ఇంకో పరీక్ష ఉంది, దానికి ఖర్చు లేదు: అడ్మిషన్ లెటర్ పట్టుకుని మీ ఊరి ప్రభుత్వ బ్యాంకుకు వెళ్లి విద్యారుణం అడగండి. నాలుగు లక్షల దాకా హామీ ఆస్తి అక్కర్లేదు. గుర్తింపు గురించి మేనేజరు అడిగే ప్రశ్నలకు కన్సల్టెన్సీ దగ్గర జవాబులు లేకపోతే విషయం అక్కడే తేలిపోతుంది.

ఫీజు వాపసు సంగతి. యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందే మానుకుంటే మొత్తం తిరిగివ్వాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 మించకుండా పట్టుకోవచ్చు. మన 1,20,000లో 1,15,000 రావాలి. 15 రోజులకన్నా తక్కువ మిగిలి ఉంటే 90 శాతం, చివరి తేదీ దాటి 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకునే హక్కు లేదు. ఇంత మంచి రూలు ఉండి కూడా మనవాళ్లకు ఎందుకు అందడం లేదంటే, డబ్బు యూనివర్సిటీకి కట్టరు. కన్సల్టెన్సీ ఫోన్‌పేకి కడతారు. రసీదు మీద "గైడెన్స్ చార్జీలు" అని ఉంటుంది. యూనివర్సిటీ పుస్తకాల్లో మీరు కట్టింది సున్నా అయినప్పుడు అది ఏం తిరిగిస్తుంది? ఫీజు యూనివర్సిటీ సొంత పోర్టల్‌లో మీ లాగిన్ నుంచే కట్టండి. అడ్మిషన్ల చివరి తేదీ ఉన్న నోటిఫికేషన్‌ను ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రీయింబర్స్‌మెంట్ వస్తుందని చెబితే నమ్మకండి. దూరవిద్య, ఆన్‌లైన్, మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్లకు ఈపాస్ వర్తించదు.

కోర్సు నిజంగా చదువు చెప్పేదేనా అన్నది సిలబస్‌లో ఫీల్డ్‌వర్క్ పేజీ చూస్తే తెలుస్తుంది. పబ్లిక్ హ్యుమానిటీస్ అని పేరు పెట్టి నాలుగు సెమిస్టర్లూ పీడీఎఫ్‌లే చదివిస్తే అది పేరుకే. మౌఖిక చరిత్ర, అంటే మనుషుల జ్ఞాపకాలను రికార్డు చేసే పేపరు ఉంటే ఈ ప్రశ్నలు వేయండి: మాట్లాడేవాళ్ల దగ్గర సమ్మతి పత్రం ఎవరు తీసుకుంటారు, రికార్డింగు ఎక్కడ భద్రపరుస్తారు, దాన్ని అక్షరాల్లోకి ఎవరు దించుతారు, గైడు ఎవరు, ఆయన ఏ కాలేజీలో పనిచేస్తారు. గంట రికార్డింగు రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది, ముసలివాళ్ల మాటలో పాత యాస ఉంటే ఇంకా ఎక్కువ. ఈ పని తెలిసినవాళ్లు అడగకముందే ఇవన్నీ చెబుతారు. సాయుధ పోరాటం మొదలైన 1946లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు నూరేళ్లు దగ్గర పడ్డాయి. మన ప్రాంతంలో కోర్సు నడుపుతూ వాళ్ల పిల్లల జ్ఞాపకాలైనా రికార్డు చేయించని గైడు మిగతా ఏం నేర్పిస్తాడో ఊహించుకోవచ్చు.

ప్రాజెక్టు మేమే రాసిస్తాం, ఐదువేలు అనే జిరాక్స్ షాపుల ఆఫరు కూడా దీంతోపాటే వస్తుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం మించి, 40 శాతం దాకా కాపీ తేలితే ఆరు నెలల్లోపు మళ్లీ రాసివ్వాలి. 40 నుంచి 60 దాకా అయితే ఏడాది ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఒకే ప్రాజెక్టును పదిమందికి అమ్మే షాపు నుంచి కొన్నప్పుడు ఎంత శాతం వస్తుందో చెప్పక్కర్లేదు.

ఇంత డబ్బు పెట్టలేనివాళ్లకు దారులు దగ్గరలోనే ఉన్నాయి. సీపీగెట్ రాస్తే నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీ రెండింటికీ దారి తెరుచుకుంటుంది. పరీక్ష 100 మార్కులు, 90 నిమిషాలు. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే 1982లో మన నాగార్జునసాగర్‌లోనే మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చరిత్ర, సోషియాలజీ, తెలుగు ఎంఏలు ఉన్నాయి. ఇగ్నోలో జానపద, సంస్కృతి అధ్యయనాల ఎంఏ ఉంది. ఇక్కడ కూడా చేరే ఏడాది అనుమతుల జాబితా చూసుకునే చేరండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఈ వరసలో కదలండి. మొదట యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు ఈమెయిల్: నా పేరు మీద అడ్మిషన్ ఉందా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఎంత, ఎంత ఫీజు ముట్టింది. జవాబు వస్తే అదే సాక్ష్యం, రాకపోతే పంపిన మెయిలే సాక్ష్యం. అడ్మిషన్ నిజమే అయితే రద్దు లేఖ అదే రోజు పంపండి, వాపసు శాతం తేదీతో తగ్గిపోతుంది. తిరిగివ్వకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అడ్మిషనే లేదని తేలితే అది మోసం: సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఫోన్‌పే లావాదేవీ నంబర్లతో స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఒరిజినల్స్ ఇవ్వకపోతే ఆ సంగతి కూడా అందులోనే రాయండి. కన్సల్టెన్సీ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కట్టింది ఐదు లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ప్రతివాదిగా డబ్బు తీసుకున్న కన్సల్టెన్సీని తప్పకుండా పెట్టండి. చదువు చెప్పడం వినియోగదారుల చట్టం కిందికి రాదని కోర్టులు చాలాసార్లు అన్నాయి కాబట్టి యూనివర్సిటీ ఒక్కదాని మీదే వేస్తే నిలవకపోవచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు.

లోను ఉన్నవాళ్లు బ్యాంకుకు వెళ్లి ఆటో డెబిట్ ఆపేసి ఊరుకోకండి, బాకీ పెరుగుతుంది, స్కోరు పడుతుంది. ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి: కోర్సు రద్దయింది, ఈ డబ్బు ఫలానా ఖాతాకు వెళ్లింది, అక్కడి నుంచి వెనక్కి తీసుకుని లోను మూసేయండి. రద్దు లేఖ, రిజిస్ట్రార్ మెయిలు జతచేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఫీజు లేదు, సందేహాలకు 14448.