మన సీమను చూపించడంలో ఏది మేలు: అరవింద సమేతా, పుష్పా, సినిమా బండా?

రాయలసీమ నేపథ్యంలో కొత్త సినిమా వస్తోందని ప్రకటన వెలువడిన ప్రతిసారీ, అనంతపురంలో ఉన్న మిత్రులూ ఊరు వదిలి వెళ్లిన మిత్రులూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ఇంతవరకు వచ్చిన వాటిలో మన ప్రాంతాన్ని బాగా చూపించిన సినిమా ఏది? హైదరాబాదులో చదువుకునే పిల్లలు ఇదే ప్రశ్నను మరింత సూటిగా అడుగుతారు. గదిలో తోడుండే కోస్తా పిల్లలకూ తెలంగాణ పిల్లలకూ మా ఊరు ఎట్లుంటుందో చెప్పాలంటే ఏ సినిమా చూపించాలి అన్నా, అంటారు. సాధారణంగా చర్చకు వచ్చే పేర్లు మూడు: 2018లో త్రివిక్రమ్ తీసిన ‘అరవింద సమేత వీర రాఘవ’, 2021లో, 2024లో రెండు భాగాలుగా వచ్చిన సుకుమార్ ‘పుష్ప’, 2021 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’. మూడింటి కథలూ అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని మళ్లీ చెప్పను.

యాస సరిగ్గా పలికిందా, లొకేషన్లు మనవేనా, మనవాళ్లను విలన్లుగా చూపించారా అన్నవి అందరూ వేసే కొలతలే. అవి అవసరమే. అయితే నేను అన్నిటికన్నా ముందు చూసేది వేరే ఉంది. తెర మీద కనిపించే మనుషులకు ఒక పని ఉందా, పొద్దున లేచి పొట్ట గడవడానికి వాళ్లు ఏం చేస్తున్నారు అన్నదే నాకు అసలు లెక్క. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో మనిషి జీవితమంతా పని వెతుక్కోవడం చుట్టూనే తిరుగుతుంది. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే ఆ ఇంటి పెద్దకొడుకు బెంగళూరు బస్సు ఎక్కుతాడు. ధర్మవరంలో మగ్గం ఆగితే చేనేత కార్మికుడు మరో ఊరి దారి పడతాడు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి గనుల్లో పలక తెగ్గొట్టేవాళ్ల చేతులు చూస్తే అక్కడి బతుకు ఎంత కష్టమో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ పనులేవీ లేకుండా సీమను చూపిస్తే, ఆ సినిమాలో ఉన్నది మన భౌగోళిక చిత్రపటమే తప్ప మన జనం కాదు.

1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ విజయం సాధించిన తర్వాత కొన్నేళ్లపాటు వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే. హింసను చూపించారని నేను తప్పుపట్టను, ఎందుకంటే ఆ హింస ఇక్కడ నిజంగానే జరిగింది, కుటుంబాలకు కుటుంబాలు నాశనమయ్యాయి. కానీ ఆ సినిమాల్లో తెల్ల చొక్కాలు వేసుకొని వేటకొడవళ్లు పట్టుకొని సుమోల వెనక పరుగెత్తే వందల మందిలో ఒక్కడు కూడా ఏ పొలంలో పని చేస్తాడో, వాడి అప్పు ఎంతో, వాడు చనిపోతే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో మనకు తెలియదు. అక్టోబరులో మా వైపు చెనిక్కాయ (వేరుశనగ) చెట్లు పీకి కుప్పలు వేశాక, ఆడవాళ్లు ఆ కుప్పల చుట్టూ కూర్చొని కాయలు విడిపిస్తూ ఉంటారు. గోళ్ల సందుల్లో ఎర్రమట్టి ఎండిపోయి ఉంటుంది, కొంగు నెత్తిన కప్పుకొని ఉంటారు, తుఫాను వస్తుందన్న కబురు వింటే చేతులు ఇంకా వేగంగా కదులుతాయి. అన్నేళ్ల ఫ్యాక్షన్ సినిమాల్లో ఇటువంటి దృశ్యం ఒక్కటి నేను చూసిన గుర్తు లేదు.

ఈ కొలతతో చూస్తే ‘అరవింద సమేత’కు సగం మార్కులు పడతాయి. ఆ సినిమా చేసిన గొప్ప పని, చంపుకోవడం అయిపోయిన తర్వాత ఇంట్లో మిగిలిన వాళ్ల ముఖాలను చూపించడం. పేకాటలో ఐదు రూపాయల దగ్గర మొదలైన పగ రెండు ఊళ్లను తినేయడం, భర్తలనూ కొడుకులనూ పోగొట్టుకున్న ఆడవాళ్ల దుఃఖం కథకు నడుమకు రావడం అంతకుముందు ఫ్యాక్షన్ సినిమా చేయని పని. ఇక భాష సంగతి చెప్పాలంటే, కడప జిల్లాకు చెందిన పెంచల్ దాస్ రాసిన ‘రెడ్డమ్మ తల్లి’ పాటను థియేటరులో విన్నప్పుడు నా పక్క సీటులో ఉన్న పెద్దాయన కళ్లు తుడుచుకోవడం చూశాను. మన పల్లెల్లో ఆడవాళ్లు శవం దగ్గర గుండెలు బాదుకుంటూ పాడే ఏడుపు పాట వరస ఆ పాటలో ఉంది. జగపతి బాబు బసిరెడ్డి పాత్రలో పలికిన యాస కూడా శ్రద్ధగా నేర్చుకొని పలికినదే. అయినా ఈ సినిమాలో సీమ అంటే రెండు పెద్ద ఇళ్లూ వాటి చుట్టూ ఉన్న మనుషులూ మాత్రమే. కథ చాలాసేపు హైదరాబాదులో నడుస్తుంది. ఊళ్లో మిగిలినవాళ్లు ఏడుస్తారు, చంపుతారు, చస్తారు, కానీ ఎవరూ మడక కట్టరు, ఎవరూ కూలికి పోరు. ఫ్యాక్షన్ సినిమాను దాని లోపలి నుంచే ప్రశ్నించిన సినిమాగా దాన్ని గౌరవిస్తాను, మన జీవితాన్ని చూపిన సినిమాగా మాత్రం ఒప్పుకోలేను.

‘పుష్ప’ దగ్గరికి వచ్చేసరికి చర్చ వేడెక్కుతుంది, ఎందుకంటే అది చిత్తూరు వైపు ఎర్రచందనం దొంగరవాణా కథ అని మన జిల్లాల వాళ్లు కొందరు దాన్ని పక్కన పెడతారు. ఆ వాదనను నేను అంగీకరించను. శేషాచలం కొండలు చిత్తూరుతోనే ఆగిపోవు, కడప జిల్లా దాకా సాగుతాయి. ఎర్రచందనం ఎట్లా రవాణా అవుతుందో, ఎవరు బాగుపడతారో, ఎవరు జైలుకు పోతారో రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతాల్లో పెద్దలకూ పిల్లలకూ తెలుసు. పైగా ‘పుష్ప’ మొదటి భాగం నా కొలతకు నిలబడింది. యజమాని ముందు కాలు మీద కాలు వేసుకొని కూర్చునే దగ్గర గొడవపడి పని వదులుకున్న కూలీ, ఎక్కువ కూలి దొరుకుతుందని అడవికి పోవడంతో కథ మొదలవుతుంది. పనీ, కూలీ, ఇంటిపేరు లేనివాడికి జరిగే అవమానమూ ఒకదానితో ఒకటి పెనవేసుకొని కథను నడిపిస్తాయి. ఒక పెద్ద హీరో ఆద్యంతం సీమ యాసలోనే మాట్లాడటం, అల్లు అర్జున్‌కు ఆ పాత్రతోనే ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం రావడం, తెలుగు నటుడికి ఆ పురస్కారం దక్కడం అదే మొదటిసారి కావడం చిన్న సంగతులు కావు. అంతకు ముందు మన యాస విలన్ నోటనో, నవ్వించే పాత్ర నోటనో వినిపించేది. ఇప్పుడు కాలేజీ పిల్లలు దాన్ని దాచుకోవడం లేదు.

అయితే రెండు విషయాల్లో ఈ సినిమా నన్ను బాధపెట్టింది. మొదటిది అడవి. మొదటి భాగంలో చాలా అటవీ దృశ్యాలను మారేడుమిల్లిలో తీశారు. తూర్పు కనుమల ఉత్తర భాగంలో ఉండే ఆ తడి పచ్చదనం శేషాచలంలో కనిపించదు. ఎర్రచందనం పెరిగేది రాతి నేలలో, ఎండకు మాడిన వాలుల మీద, వేసవి వస్తే ఆకులన్నీ రాలిపోయే అడవిలో. అటువంటి నేలలో నెమ్మదిగా పెరగబట్టే ఆ చేవ గట్టిపడుతుంది. కథకు మూలమైన చెట్టునే తప్పు నేలలో నిలబెట్టారు. రెండోది, నాకు మరింత ముఖ్యమైనది, కూలీల సంగతి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది కట్టెలు కొట్టే కూలీలు చనిపోయారు. వాళ్లంతా తమిళనాడు నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చినవాళ్లే. ఆ వ్యాపారంలో ప్రాణం పోయేది ఎవరిదో ఈ ప్రాంతం వాళ్లకు అప్పటినుంచీ మరిచిపోలేనంతగా తెలుసు. కథానాయకుడే ఒకప్పటి కూలీ అయిన సినిమా ఆ చావుల వైపు ఒక్కసారైనా నిలబడి చూడాల్సింది. రెండో భాగానికి వచ్చేసరికి అతను ముఖ్యమంత్రినే మార్చేసే స్థాయికి ఎదిగాడు, కూలీలు వెనక వరుసలో గుంపుగా మిగిలిపోయారు. గంగమ్మ జాతర దృశ్యం ఎంతో శ్రద్ధతో, తిరుపతి సంప్రదాయం మీద గౌరవంతో తీసినదే, దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ మొదటి భాగంలో కూలీల అడ్డాలో నిలబడ్డ మనిషి అందులో నాకు కనిపించలేదు.

‘సినిమా బండి’ని కొందరు సీమ సినిమాగా లెక్కించరు. చిత్రీకరణ జరిగింది కర్ణాటకలో, కోలారు జిల్లా ముళబాగిలు ప్రాంతంలో. అక్కడి తెలుగులో కన్నడం కలుస్తుంది. అయితే మడకశిర, హిందూపురం, రొళ్ల వైపు వెళ్లి పది నిమిషాలు ఎవరితోనైనా మాట్లాడి చూడండి, అదే పలుకుబడి వినిపిస్తుంది. సరిహద్దు ఈ రెండు నేలల మధ్య పాలన కోసం గీసుకున్నదే, మాట దాని దగ్గర ఆగలేదు. ఈ సినిమాలో ఆటో నడిపేవాడు, పెళ్లి ఫోటోలు తీసేవాడు, క్షౌరం చేసేవాడు, కూరగాయలు అమ్మే అమ్మాయి కలిసి, ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరాతో సినిమా తీస్తారు. ప్రతి ఒక్కరికీ పని ఉంది, ఆ పనే వాళ్ల నడకనూ మాటనూ కోపాన్నీ నిర్ణయిస్తుంది. షూటింగు కుదరాలంటే ఆటో కిరాయి పోతుంది, అంగడి మూత పడుతుంది. కళ మీద ఎంత ఆశ ఉన్నా ఆ రోజు సంపాదన ఎవరిస్తారన్న ప్రశ్న కథను వదలదు. ఊరు బాగుపడాలన్న ఆటో డ్రైవరు వీరబాబు కోరిక కూడా ఉపన్యాసంగా రాదు, నగరానికి వెళ్లిపోదామన్న భార్య మాటకు ఎదురుగా నిలబడే మొండితనంగా వస్తుంది. అనంతపురం పల్లెల్లో ప్రతి మూడో ఇంట్లో నడిచే వాదన అదే కదా.

దీనిలో లోపాలు లేవని అనను. నడుమ కథ కొంత మందగిస్తుంది, కొన్ని సన్నివేశాల్లో పల్లెటూరి అమాయకత్వాన్ని అవసరానికి మించి ముద్దు చేశారు. కరువు ఊరికి ఉండే కాఠిన్యం తెర మీదికి పూర్తిగా రాలేదు. అయినా రూమ్మేట్లకు మా ఊరు చూపించాలన్న పిల్లలకు నేను మొదట చెప్పేది ఈ పేరే.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా చెప్తాను. ‘ఇంద్ర’లో నీటి ఎద్దడి ప్రస్తావన ఉన్నా అది హీరో త్యాగాన్ని పెంచి చూపడానికే పనికొచ్చింది. ‘ఒక్కడు’ కర్నూలు కొండారెడ్డి బురుజును రాష్ట్రమంతా గుర్తుపట్టేలా చేసింది, అంతకు మించి కర్నూలు గురించి చెప్పలేదు. ‘రక్త చరిత్ర’ అనంతపురం రాజకీయ హత్యల మీద తీసినదే అయినా పల్లె అందులో రక్తం చిందడానికి ఒక స్థలం మాత్రమే.

తెలుగు సినిమాకు తొలినాళ్లలో పునాదులు వేసినవాళ్లలో మన జిల్లాల వాళ్లున్నారని మరిచిపోకూడదు. ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన బి.ఎన్.రెడ్డి, ఆయన తమ్ముడు నాగిరెడ్డి కడప జిల్లా వాళ్లు. అంతటి వారసత్వం ఉన్న నేలను నేటి నిర్మాతలు కొడవళ్ల కోసమే వెతుక్కుంటూ రావడం నాకు కష్టంగా ఉంటుంది.

‘సినిమా బండి’ విషయంలో నాకు మిగిలిన అసంతృప్తి ఒకటే. అది నేరుగా ఓటీటీలో రావడం వల్ల, అది ఎవరి జీవితాలను చూపించిందో ఆ మనుషుల్లోనే, ముఖ్యంగా మా పల్లెల్లోని పెద్దవాళ్లలో, చాలామంది దాన్ని చూడలేదు. కదిరిలోనో పెనుకొండలోనో ఒక థియేటరు వాళ్లు ముందుకొచ్చి, అనుమతి తెచ్చుకొని, చెనిక్కాయ పనులు ముగిశాక ఒక వారం ఆదివారం ఆటగా వేస్తే చాలు. టికెట్టు కొని చూడటానికి మనుషులు వస్తారని నా నమ్మకం.