పోలిక వ్యాసం: ఒక్కో పక్షం పూర్తిగా రాయాలా, అంశాలవారీగా రాయాలా?

పోటీ పరీక్షలకు తయారయ్యేవారు తరచూ అడుగుతుంటారు: రెండింటిని పోల్చి ఒకటి మేలని ఒప్పించాలంటే వ్యాసాన్ని ఎలా నడపాలి? ఒకదాని గురించి చెప్పవలసిందంతా చెప్పి రెండోదానికి వెళ్లాలా? లేక ఖర్చు, భద్రత, నిర్వహణ అంటూ ఒక్కో అంశం దగ్గర రెండింటినీ పక్కపక్కన నిలబెట్టాలా? ఒప్పించడమే పని అయితే నా ఓటు రెండోదానికే. కారణం చెబుతాను.

'సాగునీటికి చెరువు మేలా, బోరుబావి మేలా?' అన్న ప్రశ్న తీసుకుందాం. రాసేవారు చెరువు పక్షం అనుకుందాం.

మొదటి పద్ధతిలో సగం వ్యాసం చెరువుదే. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప చెరువులు, తెలంగాణలో చెరువుల పునరుద్ధరణకు 2015లో మొదలైన మిషన్ కాకతీయ, పొలాలకు తోలుకునే పూడికమట్టి. కలం ఆగకుండా సాగుతుంది. మిగతా సగంలో బోర్లు: లోతు పెరగడం, మోటార్లు కాలడం, అప్పులు. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ రెండో సగానికి వచ్చేసరికి మొదటి సగం మసకబారుతుంది. పోల్చి చూసుకునే పని దిద్దేవారి నెత్తిన పడుతుంది. జవాబుపత్రాల కట్ట ముందేసుకుని కూర్చున్న మనిషికి అంత ఓపిక ఎక్కడిది?

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ఈ పద్ధతిలో ఇబ్బంది పెట్టే విషయాన్ని దాటేయడం చాలా తేలిక. చెరువు అంత మంచిదైతే రైతు బోరు ఎందుకు వేయించుకున్నాడు? పై వ్యాసంలో దీనికి జవాబు లేదు, ఆ లోటు రాసినవారికీ తెలియదు. అదే 'నీరు ఎవరి చేతిలో ఉంటుంది' అని ఒక అంశం పెట్టుకుంటే రెండు వైపులా ఏదో ఒకటి రాయక తప్పదు. అప్పుడు ఇలా వస్తుంది:

'బోరున్న రైతు తనకు కావలసినప్పుడు మోటారు వేసుకుంటాడు. చెరువు ఆయకట్టులో చివరి మడి రైతు తూము తీసేదాకా, పైమళ్లు తడిసేదాకా ఆగాలి. ఇక్కడ బోరుదే పైచేయి. అయితే ఆ బోరులోకి నీరు ఎక్కడి నుంచి వస్తోంది? చెరువు నిండిన ఏడు దిగువ బోర్లు నిండుగా పోస్తాయి. చెరువు ఎండితే అవీ తగ్గిపోతాయి.'

రాసినవాడు ఎదుటి పక్షానికి ఇవ్వవలసింది ఇచ్చి, ఆ ఇచ్చిన చోటు నుంచే తన వాదన లేపాడు. చెరువు, బోరు వేరువేరు పేరాల్లో ఉంటే ఈ లంకె దొరకడం కష్టం. నన్ను ఈ పద్ధతి వైపు లాగింది ఇదే.

ఖర్చు దగ్గరా ఇంతే. 'బోరుకు కరెంటు ఖర్చు' అని అలవాటుగా రాసేస్తారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. బిల్లు రైతుది కానప్పుడు ఆ వాదన నిలవదు. డ్రిల్లింగు, మోటారు మరమ్మతుల మీదికి వాదనను మళ్లించాలి, లేదా ఆ భారం ఖజానాదని చెప్పాలి.

ఈ పద్ధతికీ ఒక జబ్బుంది. పేరా పేరాకూ 'మరోవైపు', 'కాగా' దొర్లుతూ చదివేవారి తల అటూ ఇటూ తిరుగుతుంది. మందు సులువే: మూడు నాలుగు అంశాలకు మించవద్దు, అన్నింటికీ సమానంగా చోటివ్వవద్దు. మనం ఓడే అంశాన్ని ముందే పెట్టి రెండు వాక్యాల్లో ఒప్పేసుకోవాలి. గట్టి అంశాన్ని చివరికి ఉంచి, తీరుబడిగా రాయాలి.

జవాబు చిన్నదైనా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన చరిత్ర చెప్పవలసి వచ్చినా మొదటి పద్ధతే నయం. ముందు పోలికలు, తర్వాత తేడాలు అనే బడి పద్ధతి వివరణకు సరిపోతుంది, వాదనకు చాలదు. రెండింటి అంశాలతో పట్టిక గీసుకుంటే, దాన్ని చిత్తుకాగితం మీదే ఉంచడం మంచిది.

ఆ చిత్తుపని మాత్రం మానవద్దు. యూపీఎస్సీ మెయిన్స్‌లో మూడు గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోదానికి 125 మార్కులు. గంటన్నరలో మొదటి పది నిమిషాలు నిలువు గీత గీసి రెండు వైపులా అంశాలు నింపడానికి పెట్టండి. ఎదుటి పక్షం వైపు గడి ఖాళీగా ఉంటే, అది నిజంగా ఖాళీయా, మనం చూడలేదా అని ఇంకోసారి ఆలోచించి అప్పుడు వ్యాసం మొదలుపెట్టండి.